మా రెజిమెంటు జనరల్ గారి గురించి ఒక క్లర్కు రాసుకున్నది

మా ఊరి హైస్కూలు గ్రౌండులో పొద్దున్న ఐదింటికే అగ్నివీర్ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు దిగిపోతారు. స్టాప్‌వాచీ పట్టుకుని టైమింగు రాసే పని నాది. రిటైరై ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నానని వాళ్లే అంటగట్టారు. సగం మంది ఫోన్ల మీద 71 యుద్ధమప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా బొమ్మే ఉంటుంది. ఆ మీసం, ఆ టోపీ చూస్తే ఎవరికైనా పెట్టుకోవాలనిపిస్తుంది లెండి. మొన్న ఒకడు అడిగాడు, "మన తెలుగోళ్లెవరూ అంత పైకెళ్లలేదా మాస్టారూ?" అని. ఎనభైల్లో ఆర్మీ చీఫ్‌గా చేసిన జనరల్ కె.వి. కృష్ణారావు గారి పేరు చెప్పాను. వాడు ఫోనులో వెతికి, "ఈయన గవర్నరు కదండీ?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. మనవాళ్లలో పేరు గుర్తున్న కొద్దిమందికీ ఆయన గవర్నరుగానే గుర్తు. తొంభైల్లో కాశ్మీరు వార్తల్లో రోజూ వినిపించిన పేరు కదా. అంతకుముందు నలభై ఏళ్ల పైచిలుకు ఆయన వేసుకున్న యూనిఫాం సంగతి ఎవరూ ఎత్తరు. నేను చేసింది ఆయన రెజిమెంటులోనే. మహర్ రెజిమెంటులో క్లర్కుగా చేరి, సుబేదారుగా బయటికొచ్చాను. సర్వీసంతా రైఫిల్ కంటే టైపు మిషనుతోనే ఎక్కువ గడిచింది. ఆయన్ని ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో ట్రైనింగప్పుడు గోడ మీద ఫొటోలో చూశాను, అంతే. అయినా ఆయన గురించి రాయాల్సినవాడు క్లర్కే అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆయన చేసిన పెద్ద పని కాగితం మీద చేశారు. దాని విలువ కాగితాలు మోసినవాడికే బాగా తెలుస్తుంది.

పూర్తి పేరు కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1923 జూలై 16న లక్కవరంలో పుట్టారు. అప్పటికి మనదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. సైన్యంలో కమిషన్ అందుకున్నది 1942 ఆగస్టు 9న. ఆ తేదీ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. సరిగ్గా ఆ తెల్లవారుజామునే బొంబాయిలో గాంధీ గారిని అరెస్టు చేశారు. మూడు రోజులకి తెనాలి రైల్వే స్టేషను తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. ఆయన ఈడు కుర్రాళ్లు కాలేజీలు వదిలేసి టెలిగ్రాఫ్ తీగలు తెంపుతుంటే, పందొమ్మిదేళ్ల ఈయన ఇంగ్లీషు రాజు కొలువులో భుజాన చుక్క పెట్టుకున్నారు. దీన్ని ఇప్పుడు వేలెత్తి చూపేవాళ్లు ఉన్నారు. నేను చూపను. ఐదేళ్లు తిరిగేసరికి స్వతంత్ర దేశానికి సైన్యం కావాల్సొచ్చింది, నడపడానికి ఆఫీసర్లు కావాల్సొచ్చారు. అప్పటికప్పుడు వాళ్లెక్కడి నుంచి ఊడిపడతారు?

ఆయనకి దొరికిన రెజిమెంటు కూడా మామూలుది కాదు. మహర్లు పాత బొంబాయి సైన్యంలో తరతరాలుగా పనిచేసినవాళ్లు. అంబేద్కర్ గారి నాన్న రామ్‌జీ సక్పాల్ కూడా సుబేదారే. అలాంటిది పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వాళ్లు "వీరజాతులు" అనే ఒక లెక్క వేసుకుని వీళ్లకి తలుపులు మూసేశారు. మళ్లీ తెరిపించడానికి అంబేద్కర్ గారు గట్టిగా పట్టుపట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చి మనుషుల అవసరం పడ్డాక, 1941 అక్టోబరులో బెల్గాంలో మొదటి మహర్ బెటాలియన్ లేచింది. రెండోది 1942లో కాంప్టీలో. మన లక్కవరం కుర్రాడు చేరింది ఆ రెండో దాంట్లో. అంటే చెప్పుకోడానికి రెండు వందల ఏళ్ల చరిత్ర, గోడల మీద పాత యుద్ధాల జెండాలు ఏమీ లేవు. జవాన్లూ కొత్త, ఆఫీసరూ కొత్త. పాత పల్టన్ల వాళ్లు ఇలాంటి యూనిట్లని ఎలా చూస్తారో మిలటరీలో చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా రోజుల్లో కూడా ఆ చూపు పూర్తిగా పోలేదు.

అక్కడి నుంచి ఆయన సర్వీసు రికార్డు గబగబా చదివేస్తాను. యుద్ధకాలంలో బర్మా, వాయవ్య సరిహద్దు, బెలూచిస్తాన్. 1947లో పంజాబులో దేశ విభజన అల్లర్ల మధ్య డ్యూటీ. ఆ వెంటనే జమ్మూ కాశ్మీరులో పాకిస్తాన్‌తో మొదటి యుద్ధం. 1949 నుంచి 51 దాకా నేషనల్ డిఫెన్స్ అకాడమీ తొలి ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు. అప్పటికి అకాడమీ ఖడక్‌వాస్లాకి రాలేదు, డెహ్రాడూన్‌లోనే నడిచేది. యాభైల్లో బెటాలియన్ కమాండ్, 1965-66లో లడఖ్‌లో బ్రిగేడ్, ఆ తర్వాత జమ్మూ వైపు డివిజన్. ఇదంతా ఏ పెద్ద ఆఫీసరు రికార్డు తీసినా దాదాపు ఇలాగే ఉంటుంది. ఆగి చూడాల్సింది 1970 నుంచి.

ఆ ఏడాది ఆయన చేతికి 8 మౌంటెన్ డివిజన్ వచ్చింది. నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటుదార్ల కోసం గాలించడం దాని పని. అంటే పది పదిహేను మంది జట్లుగా విడిపోయి అడవుల్లో నడక, ఊళ్ల చుట్టూ కాపలా. పెద్ద ఫిరంగులు, పెద్ద కదలికలు ఉండవు. ఏళ్ల తరబడి అలా బతికిన డివిజన్‌ని 1971లో కొండ దింపి, తూర్పు పాకిస్తాన్ ఈశాన్య మూలన ఉన్న సిల్హెట్ మీదికి నడపమన్నారు. వెంట ఉన్నవి రెండు బ్రిగేడ్లు, 59, 81 (బ్రిగేడ్ అంటే సుమారు మూడు బెటాలియన్లు). పైన కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్. ఆయన దూకుడుకి మారుపేరు. మేఘనా నది మీద హెలికాప్టర్లతో సైన్యాన్ని దాటించిన మనిషి.

సిల్హెట్ వైపు నేల సంగతి మ్యాపు చూస్తేనే సగం అర్థమవుతుంది. టీ తోటల గుట్టలు, వాటి మధ్య పల్లాల్లో నీళ్లు నిలిచే హావోర్లు, అడ్డంగా కుషియారా, సుర్మా నదులు. ఉన్న రోడ్డు కట్ట మీద పోతుంది. దిగితే బురద. కులావ్‌రా, శంషేర్‌నగర్, మౌల్వీ బజార్ ఒక్కొక్కటీ పట్టుకుంటూ డివిజన్ ముందుకి పోయింది. డిసెంబరు 7న 4/5 గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్ని ఎంఐ-4 హెలికాప్టర్లలో ఎక్కించి సిల్హెట్ పక్కనే దింపారు. ఐదు వందల మంది కూడా లేరు. రెండు రోజుల్లో నేల మీద నుంచి మనవాళ్లు వచ్చి కలుస్తారు అన్నది ప్లాను.

రెండు రోజులు కాదు, తొమ్మిది రోజులు పట్టింది.

కారణం ఏమిటంటే, మౌల్వీ బజార్‌లో ఉన్న పాకిస్తానీ 313 బ్రిగేడ్ దక్షిణంగా మేఘనా వైపు వెనక్కి పోతుందని మనవాళ్లు లెక్కేశారు. అది పోలేదు. ఉత్తరంగా సిల్హెట్‌కే వచ్చి, అక్కడ ముందే ఉన్న 202 బ్రిగేడ్‌తో కలిసింది. గూర్ఖాలు దిగింది ఒక్క బ్రిగేడ్ పక్కన అనుకుంటే ఎదురుగా రెండున్నాయి. పగలు హెలికాప్టర్లు రాలేవు. రేషన్లు నిండుకున్నాయి, మందుగుండు పొదుపుగా వాడాలి, గాయపడ్డవాళ్లని వెనక్కి పంపే దారి లేదు. ఈలోగా బీబీసీ రేడియోలో సిల్హెట్ దగ్గర భారత్ ఒక బ్రిగేడ్‌ని దింపింది అని వార్త వచ్చిందట. ఆ బెటాలియన్లోనే ఉన్న మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో (అప్పుడు మేజర్, మైన్ పేలి నుజ్జయిన కాలిని తన ఖుక్రీతో తనే కోసుకున్న మనిషి) ఈ సంగతి చాలాసార్లు చెప్పారు. అవతలివాళ్లు కూడా అదే రేడియో విన్నారు, నమ్మారు. మనవాళ్లు ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా పల్చగా పరుచుకుని, పెద్ద దండులా నటించారు. చివరికి లొంగిపోయినవాళ్లని లెక్కపెడితే ముగ్గురు బ్రిగేడియర్లు, ఆరు వేలకి పైగా సైనికులు. తెల్లజెండాతో వచ్చినవాళ్లు ఎదురుగా ఉన్నది ఒక్క బెటాలియనే అని తెలిసి ముందు నమ్మలేదట.

ఈ కథలో హీరోలు గూర్ఖాలు, కార్డోజో, ఆలోచన సగత్ సింగ్‌ది. మరి డివిజన్ కమాండర్ ఏం చేశారు అంటారా? చూడ్డానికి ఏమీ లేని పని చేశారు. కట్ట మీద ఒకే రోడ్డు, ఇరుక్కుపోయిన ఒక బెటాలియన్, మౌల్వీ బజార్ దగ్గర ఆగిపోయిన ఇంకో బ్రిగేడ్, వెనక నాగాలాండ్ నుంచి తెచ్చుకున్న లారీలు. వీటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పడకుండా నడిపారు. తొందరపడి సిల్హెట్ మీదికి జవాన్లని తోసెయ్యలేదు. గూర్ఖాల కోసం ఇంకా గట్టిగా తోసి ఉండాల్సింది అనేవాళ్లు ఉన్నారు. ఆ బెటాలియన్లో ఉండుంటే నేనూ అలాగే అనేవాణ్నేమో. కానీ రెండు బ్రిగేడ్లని రెండు బ్రిగేడ్లతో, నదుల వెనక ఉన్నవాళ్లని ఎదురుదాడితో పెకలించాలంటే ఎంతమంది పోతారో లెక్క వేస్తే, ఆ నిదానం తప్పని అనలేను. ఆ యుద్ధంలో సేవలకి ఆయనకి పరమ విశిష్ట సేవా మెడల్ వచ్చింది.

ఇప్పుడు నా అసలు సంగతికి వస్తాను.

1975లో ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీ వేసింది. పాతికేళ్ల తర్వాత, అంటే 2000 నాటికి, భారత సైన్యం ఎలా ఉండాలో చెప్పండి అని అడిగింది. ఛైర్మన్ లెఫ్టినెంట్ జనరల్ కృష్ణారావు. సభ్యుల్లో మేజర్ జనరల్ ఎం.ఎల్. ఛిబ్బర్, మేజర్ జనరల్ కె. సుందర్‌జీ. సుందర్‌జీ పేరు మీరు వినే ఉంటారు, 1986-87లో పాకిస్తాన్ సరిహద్దు దగ్గర జరిగిన బ్రాస్‌టాక్స్ అనే భారీ సైనిక విన్యాసాలప్పుడు చీఫ్. ఆయనా మహర్ రెజిమెంటే. మా రెజిమెంటు నుంచి ఇప్పటికి చీఫ్ అయినవాళ్లు ఈ ఇద్దరే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ రిపోర్టు రాశారన్నమాట.

అంతకు రెండేళ్ల ముందే ఈజిప్టు, ఇజ్రాయిల్ యుద్ధం జరిగింది. మనుషులు మోసుకెళ్లే క్షిపణులు ట్యాంకుల్ని పేల్చెయ్యడం చూసి ప్రపంచంలో సైన్యాలన్నీ తలపట్టుకున్న రోజులవి. మనదేమో ప్రధానంగా కాలినడక సైన్యం. ట్యాంకు గంటకి ఇరవై ముప్పై కిలోమీటర్లు పోతే దాని వెనక జవాను లారీలో గానీ, నడిచి గానీ రావాలి. పొలాల్లోకి లారీ దిగదు. అందుకని జవాన్లని కూడా ఉక్కు వాహనాల్లో కూర్చోబెట్టి ట్యాంకుతో పాటే నడపాలి అన్నది ఆ కమిటీ చెప్పినవాటిలో ముఖ్యమైంది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ రెజిమెంటు పుట్టింది. దాని సెంటర్ అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్).

వినడానికి చిన్నమాటే. పల్టన్లో ఉన్నవాడికి అదెలా ఉంటుందో చెప్తాను. కొత్త రెజిమెంటుకి కొత్త మనుషుల్ని తీసుకోలేదు. పాత పేరున్న బెటాలియన్లనే పట్టుకొచ్చి మార్చారు. 1 మద్రాస్ పోయి 1 మెకనైజ్డ్ అయింది. 1947లో శ్రీనగర్‌లో అందరికంటే ముందు దిగిన 1 సిఖ్, 4 మెకనైజ్డ్ అయింది. ఒక పల్టన్‌కి పేరు మారడమంటే భుజం మీద బిళ్ల మారడం ఒక్కటే కాదు. జైకారా (యుద్ధ నినాదం) మారుతుంది, బడాఖానాలో (పల్టన్ విందులో) పాట మారుతుంది, తాత చేసిన పల్టన్లో మనవడు చేరే ఆనవాయితీ పోతుంది. మా తెలుగు కుర్రాళ్లు తరతరాలుగా మద్రాస్ రెజిమెంటులో ఉన్నవాళ్లే కదా, వాళ్ల ఇళ్లలో ఈ బాధ నేను విన్నాను. ఒక పెద్దాయన అయితే రిటైరై పాతికేళ్లయినా తన యూనిట్‌ని పాత పేరుతోనే చెప్పేవాడు. "మీది మెకనైజ్డ్ కదా బాబాయ్" అంటే మొహం తిప్పేసుకునేవాడు.

ఇక ఆఫీసు గదిలో సంగతి. బెటాలియన్లో ఎవరు ఎంతమంది ఉండాలో చెప్పే కాగితాన్ని మేం డబ్ల్యూఈ అంటాం, వార్ ఎస్టాబ్లిష్‌మెంట్. సెక్షన్ కమాండర్ నుంచి మంగలి దాకా అందులో ఉంటారు. అది మారిందంటే ఆర్డర్లీ రూములో ఆ వారమంతా దీపం ఆరదు. డ్రైవర్లు ఇంతమంది పెరిగారు, వంటవాళ్లు ఇంతమంది తగ్గారు. పెరిగిన డ్రైవర్లు ఎక్కడి నుంచి రావాలి, తగ్గిన వంటవాడు ఏ యూనిట్‌కి పోవాలి, వాడి ఫ్యామిలీ క్వార్టర్ ఏమవాలి, సీనియారిటీ ఎవరి రోల్లోకి పోవాలి. నామినల్ రోల్ (పేర్ల జాబితా) కొట్టాలి, స్టెన్సిల్ కొయ్యాలి, ఒక్క నంబరు తప్పు పడితే ఎర్ర కరెక్షన్ ఫ్లూయిడ్ పూసి, ఆరేదాకా ఊది, మళ్లీ కొట్టాలి. మా యూనిట్‌కి కొత్త డబ్ల్యూఈ వచ్చినప్పుడు హెడ్ క్లర్క్ సాబ్ తిట్టని తిట్టు లేదు. మిలటరీ మాటల్లో పళ్లు, తోక అని ఒక లెక్క ఉంది. పోరాడేవాళ్లు పళ్లు, వాళ్లకి వండిపెట్టి, బండ్లు బాగుచేసి, కాగితాలు రాసేవాళ్లు తోక. తోక తగ్గించి పళ్లు పెంచాలన్నది కూడా ఆ కమిటీ చెప్పిన మాటే. అంటే నాలాంటివాళ్లని తగ్గించమని. అది చెప్పిన జనరల్‌కి నేను అభిమానిని, ఏం చేస్తాం!

ఎందుకు అభిమానినంటే, సైన్యంలో రిపోర్టులు రాసేవాళ్లు కోకొల్లలు. వాటిలో బీరువా దాటి బయటికొచ్చి, బెటాలియన్ క్లర్కు బల్ల మీద డబ్ల్యూఈ కాగితంగా వాలేవి వేళ్ల మీద లెక్కపెట్టాలి. పెళ్లిలో వడ్డించేవాడినే అందరూ చూస్తారు, నెల ముందు సరుకుల చీటీ రాసినవాణ్ని ఎవరూ చూడరు. కృష్ణారావు గారు చీటీ రాసినవారు. ఎనభైల్లో సుందర్‌జీ చేసిన ఆర్భాటమంతా ఆ చీటీలోని సరుకులతోనే. రిటైరయ్యాక జాతీయ భద్రత మీద ఆయన రాసిన పుస్తకానికి "ప్రిపేర్ ఆర్ పెరిష్" అని పేరు పెట్టుకున్నారంటే, మనిషి ఆలోచన ఎటు తిరిగేదో అర్థమవుతుంది.

1981 జూన్ 1న చీఫ్ అయ్యారు, 1983 జూలై 31 దాకా చేశారు. రెండేళ్ల రెండు నెలలు. యుద్ధం రాలేదు కాబట్టి పేపర్లకి పెద్దగా ఎక్కలేదు. అప్పుడు కూడా ఆయన చేసింది అలాంటి పనే. 1962 తర్వాత చైనా సరిహద్దులో మనం చాలాచోట్ల వెనక్కి తగ్గి కూర్చున్నాం. మళ్లీ ముందుకెళ్లాలి, రోడ్లు వెయ్యాలి, ఈసారి అరుణాచల్‌లోని తవాంగ్‌ని వదిలే ప్రసక్తి ఉండకూడదు అని ఆయన హయాంలో ప్లాను తయారైంది. ఇందిరాగాంధీ గారు ఒప్పుకున్నారు. 1986లో తవాంగ్ వైపు సుమ్‌దొరోంగ్ చూ దగ్గర చైనావాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు సుందర్‌జీ ఒక బ్రిగేడ్‌ని హెలికాప్టర్లలో జిమిథాంగ్‌కి ఎత్తారు. దేశమంతా శభాష్ అంది. అనాలి కూడా. కానీ తవాంగ్ దాటి ముందుకే ఉండాలన్న నిర్ణయం అంతకు ముందే జరిగిపోయింది.

ఆయన దిగిపోయేటప్పుడు ఢిల్లీలో పెద్ద గొడవే జరిగింది. వరసలో ఉన్న వైస్ చీఫ్ ఎస్.కె. సిన్హాని పక్కనపెట్టి ఎ.ఎస్. వైద్యని చీఫ్ చేశారు. సిన్హా రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. పది నెలలకి అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్లిన ఆపరేషన్ బ్లూస్టార్. ఆ ఆపరేషన్ వల్ల వైద్యని 1986లో పుణెలో కాల్చి చంపారు. కృష్ణారావు గారి పదవీకాలం ఇంకో ఏడాది ఉండుంటే ఆ గుడి ముందు నిలబడాల్సింది ఆయనే. ఇది నేను ఊరికే అనడం లేదు. తొమ్మిదేళ్లకి ఇంకో పుణ్యస్థలం ముందు ఆయన నిలబడక తప్పలేదు.

1984 నుంచి ఐదేళ్లు నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకి గవర్నరు. తెలిసిన కొండలే. 1989 జూలైలో జమ్మూ కాశ్మీర్‌కి వేశారు. ఆరు నెలలు ఉన్నారు. ఆ ఆరు నెలల్లోనే లోయ చెయ్యిదాటిపోయింది. డిసెంబరు 8న కేంద్ర హోంమంత్రి కూతురు రుబయా సయీద్‌ని ఎత్తుకుపోయారు, ఐదు రోజులకి ఐదుగురు మిలిటెంట్లని వదిలిపెట్టి ఆమెని విడిపించుకున్నారు. 1990 జనవరి 19న జగ్‌మోహన్ ఆ కుర్చీలోకి వచ్చారు. ఆ కాలంలో రాష్ట్రంలో ఎన్నికైన ప్రభుత్వం ఉంది, నిర్ణయాలు వాళ్లవీ, ఢిల్లీవీ. రాజ్‌భవన్ చేతిలో ఉన్నది తక్కువ. అయినా మాజీ ఆర్మీ చీఫ్ అక్కడే ఉండి కూడా అలా జరిగిందంటే ఆ మచ్చ కొంచెం ఆయన మీద కూడా పడింది. పడకుండా ఎలా ఉంటుంది?

1993 మార్చిలో మళ్లీ పంపారు. ఏడు పదులకి నాలుగు నెలలు తక్కువ. ఈసారి అసెంబ్లీ లేదు, రాష్ట్రపతి పాలన. ఆర్మీ, బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, పోలీసు, ఎవరికి వాళ్లుగా కొట్టుకుపోతున్నవాళ్లని ఒక తాటి మీదికి తేవడానికి యూనిఫైడ్ హెడ్‌క్వార్టర్స్ ఆ ఏడాదే వచ్చింది. అక్టోబరు 15న శ్రీనగర్‌లో హజ్రత్‌బల్ ముట్టడి మొదలైంది. ప్రవక్త వెంట్రుక భద్రపరిచిన దర్గా అది. లోపల మిలిటెంట్లు, బయట సైన్యం. లోపలికి దూసుకెళ్లలేదు. చర్చలు నడిపారు. కోర్టు చెప్పిందని లోపలికి భోజనాలు పంపారు. బిర్యానీలు పెడుతున్నారు అని మా లంగర్లో (యూనిట్ వంటశాలలో) కూడా వెటకారాలు చేసుకున్నాం. నవంబరు 16న లోపల నుంచి 62 మంది బయటికొచ్చారు, దర్గాకి ఏమీ కాలేదు. ఈ నెల రోజుల్లో రక్తం పారలేదా అంటే పారింది. అక్టోబరు 22న బిజ్‌బెహారాలో, ముట్టడికి నిరసనగా వచ్చిన జనం మీద బీఎస్ఎఫ్ కాల్పుల్లో ముప్పైమందికి పైగా చనిపోయారు. హజ్రత్‌బల్‌ని ఓర్పుకి ఉదాహరణగా చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. దాటెయ్యకూడదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో నేను మిలిటెంట్లని ఎదుర్కోడానికి పెట్టిన ఆర్మీ విభాగం రాష్ట్రీయ రైఫిల్స్‌కి వెళ్లి దక్షిణ కాశ్మీరులో ఉన్నాను. 1995 జనవరి 26న రేడియో పెట్టుకుని కూర్చున్నాం. జమ్మూలో మౌలానా ఆజాద్ స్టేడియంలో గవర్నరు ప్రసంగం మధ్యలో బాంబులు పేలాయని వార్త. ఎనిమిది మంది పోయారు. గవర్నరుకి ఏమీ కాలేదని తెలిశాక మా సీఓ (కమాండింగ్ ఆఫీసరు) సాబ్ టీ తెప్పించుకుని తాగారు, అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు. అదే ఏడాది మే 11న చరార్-ఎ-షరీఫ్ దర్గా కాలిపోయింది. చలికాలమంతా పాకిస్తాన్ నుంచి వచ్చిన మిలిటెంట్ మస్త్ గుల్ మనుషులు అందులో తిష్ఠ వేసుకుంటే, హజ్రత్‌బల్ లాగే చుట్టూ కాచుకుని కూర్చున్నారు. ఈసారి అది పనిచెయ్యలేదు. ఐదు వందల ఏళ్ల నాటి కట్టెల దర్గా బూడిదైంది, మస్త్ గుల్ తప్పించుకుపోయాడు. ఒకే మనిషి, ఒకే పద్ధతి, రెండు ఫలితాలు. నా మటుకు నేను మొదటిదానికి ఆయనకి పూర్తి మార్కులు వేసి, రెండోదానికి కోస్తాను.

ఆ రోజుల్లో నా బల్ల మీదికి వచ్చిన పని ఏమిటో కూడా చెప్పాలి. జవాను పోతే ఇంటికి టెలిగ్రాం కొట్టించేది క్లర్కే. ఫారంలో ఖాళీలుండేవి. నంబరు, ర్యాంకు, పేరు, తేదీ. ఊరి పేరు, పోస్టాఫీసు, తాలూకా మాత్రం రెండుసార్లు సరిచూసుకోవాల్సి వచ్చేది, ఎందుకంటే తప్పు ఇంటికి పోతే ఇంకేమన్నా ఉందా? ఒకసారి మా యూనిట్లో ఒకే పేరున్న ఇద్దరు ఉన్నారు, ఇద్దరిదీ ఒకే జిల్లా. తండ్రి పేరు కోసం సర్వీసు బుక్కు తెరిచి, సాబ్‌ని పిలిచి, ఆయన చేత కూడా చదివించి అప్పుడు పంపాను. పైన ఒకరు ఓర్పు పడితే కింద ఇలాంటి కాగితాలు తగ్గుతాయి, లేదా ఆలస్యంగా వస్తాయి. రెండూ చూశాను. అందుకే ఆయన గవర్నరుగిరీ మీద గట్టి తీర్పు చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, వాళ్లు ఎటువైపు చెప్పినా సరే.

1996లో ఎన్నికలు జరిగాయి, ముందు పార్లమెంటుకి, సెప్టెంబరులో అసెంబ్లీకి. ఫరూఖ్ అబ్దుల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఏడేళ్లుగా ఓటు పెట్టె కనపడని చోట అసెంబ్లీ కూర్చుంది. ఆ పోలింగు బందోబస్తు ఎంత టెన్షనో అందులో ఉన్నవాళ్లకి తెలుసు. ఊరికో జవాన్ల జట్టు, స్కూలుకో సెక్షన్. దాని మూవ్‌మెంట్ ఆర్డర్లు కొట్టీ కొట్టీ నా వేళ్లు వాచాయి. కృష్ణారావు గారు 1998 మే దాకా ఉన్నారు, దిగేసరికి 74 దాటాయి.

2016 జనవరి 30న ఢిల్లీలో పోయారు. 92 ఏళ్లు. ఆ రోజు గాంధీ గారి వర్ధంతి కూడా. కమిషన్ అందుకున్న రోజూ, పోయిన రోజూ గాంధీ గారి తేదీలే కావడం నాకు విచిత్రంగా తోస్తుంది. దానికి అర్థం లేదనుకోండి.

గ్రౌండులో కుర్రాళ్లకి ఇదంతా చెప్పలేదు. పరిగెత్తి వగర్చేవాడికి డబ్ల్యూఈ గురించి చెబితే ఏం వింటాడు? సిల్హెట్ కథ చెప్పాను, అది నోళ్లు తెరుచుకుని విన్నారు. మా జిల్లాలో 71లో 8 మౌంటెన్‌లో చేసిన పెద్దవాళ్లు ఇద్దరున్నారని తెలిసింది. ఒకాయన కులావ్‌రా నుంచి మౌల్వీ బజార్ దాకా లారీ నడిపారట. చెవులు సరిగ్గా వినపడవుగానీ రోడ్డు మలుపులు మాత్రం ఇప్పటికీ వేలితో గీసి చూపిస్తున్నారట. పండగ వెళ్లాక ఆయన దగ్గర కూర్చుని రాసుకుంటాను. అది వేరే పోస్టు.